బొమ్మ నిర్మల్‌ది.. బేరం ఎవరిది?

ఫోన్ తెరపై ఉత్తర తెలంగాణ హస్తకళలు
పేరుకు రక్షణ ఉన్నా అమ్మకంలో వెనుకబాటు
చిరు వ్యాపారులు తెలుసుకోవాల్సిన సంగతులు

నిర్మల్, కరీంనగర్: అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబం ఒకటి గృహప్రవేశానికి నిర్మల్ బొమ్మలు కొనాలనుకుంటే ఊరికి ఫోన్ చేయనక్కరలేదు. సెల్‌ఫోన్‌లో ఆ పేరు కొడితే చాలు, క్షణంలో పదుల కొద్దీ చిత్రాలు కళ్లముందు వాలుతాయి. వాటిలో పొనికి కర్రను చెక్కి చేసినవి ఎన్నో, యంత్రంపై కోసి రంగు పూసినవి ఎన్నో చిత్రాన్ని చూసి తేల్చడం అనుభవజ్ఞులకూ కష్టమే. కొనేవారు డబ్బు చెల్లించేది మాత్రం నిర్మల్ అన్న పేరుకే. ఆ డబ్బులో నిర్మల్ చేరేది ఎంత, దారిలో ఆగిపోయేది ఎంత అన్నదే అసలు ప్రశ్న.

కరీంనగర్ వెండి తీగ కళ ఫిలిగ్రీ పరిస్థితీ ఇంతే. ఈ కళకు 2007లో, నిర్మల్ బొమ్మలకు 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆదిలాబాద్ డోక్రా లోహ కళకు 2018లో అదే గౌరవం లభించింది. చట్టం దృష్టిలో ఈ మూడు పేర్లూ ఈ ప్రాంతపు ఆస్తి. వాటిని అమ్మకంగా మలచుకునే పని మాత్రం అంతంతమాత్రంగానే సాగుతోంది.

హైదరాబాద్-నాగ్‌పూర్ రహదారి నిర్మల్ పట్టణం మధ్యగా వెళ్లిన రోజుల్లో దారిన పోయే కార్లు, బస్సులు ఆగేవి. ప్రయాణికులు దిగి ఓ జింకనో, సీతాఫలాల బుట్టనో కొనుక్కుని వెళ్లేవారు. ఇప్పుడు నాలుగు వరుసల రహదారి ఊరి బయటి నుంచి సాగుతోంది. ఆ బాటసారుల బేరానికి బదులుగా కళాకారుల చేతికి అందివచ్చింది ఫోనే.

ఎందుకింత విలువ

నిర్మల్ బొమ్మకు వాడే పొనికి కర్ర తేలికైనది, మెత్తనిది. బొమ్మ అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడితో చేసిన జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. అతుకు కనిపించకుండా నునుపు చేసి, పైపూత పూసి, ఆరబెట్టి, ఆపై రంగులు దిద్దుతారు. నకాషీ కుటుంబాలు తరతరాలుగా కాపాడుకొస్తున్న విద్య ఇది. నిజాం కాలంలో ఆదరణ పొందిన ఈ కళాకారులు 1955లో సహకార సంఘంగా ఏర్పడ్డారు.

ఫిలిగ్రీ పని ఇంకా సున్నితం. వెండిని కరిగించి కడ్డీగా పోసి, కమ్మచ్చు రంధ్రాల గుండా లాగుతూ వెంట్రుకంత సన్నని తీగ తీస్తారు. రెండు తీగలను పురిపెట్టి, అణిచి, లావు తీగతో కట్టిన చట్రంలో పువ్వులుగా, లతలుగా వంచి అమర్చుతారు. వెలిగారం సాయంతో అతుకులు వేస్తారు. ఎలగందులలో వర్ధిల్లి కరీంనగర్‌కు తరలిన ఈ విద్యతో అత్తరుదానులు, పాన్‌దాన్‌లు, పళ్లేలు, నగల పెట్టెలు తయారవుతాయి. 2023 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన జీ-20 సదస్సు అతిథుల కోసం అశోక చక్రం బ్యాడ్జీలు రూపొందినది ఇక్కడి చేతుల్లోనే.

ఇంత శ్రమ వస్తువు లోపల దాగి ఉంటుంది. దుకాణానికి వచ్చిన వ్యక్తి బొమ్మను చేతిలోకి తీసుకుంటే దాని తేలికదనం తెలుస్తుంది, పక్కనే పనిచేస్తున్న కళాకారుడు కనిపిస్తాడు. ఫోన్ తెరపై ఈ రెండూ ఉండవు. చెక్క బొమ్మ 600 రూపాయలా అని పెదవి విరిచే వ్యక్తికి ఆ ధర ఎందుకో చెప్పే మనిషి అక్కడ లేడు. ఆన్‌లైన్ అమ్మకంలో కళాకారుడు మొదట పూడ్చాల్సిన లోటు ఇదే. ఒక్క నిమిషం వీడియోలో కర్ర దుంగ బొమ్మగా మారడం, లేదా వెండి కడ్డీ తీగగా సాగడం చూపితే ధర గురించి వేరే వివరణ అవసరం రాదు.

లంబాడిపల్లి చూపిన దారి

ఇలా చూపడం పట్నంవారికే సాధ్యమన్న అభిప్రాయం ఈ ప్రాంతంలో ఎవరికైనా ఉంటే వారు జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లిని గుర్తు చేసుకోవాలి. ఆ ఊరికి చెందిన శ్రీరాం శ్రీకాంత్ 2012లో ‘మై విలేజ్ షో’ పేరిట యూట్యూబ్ ఛానల్ ప్రారంభించారు. అప్పటికి పల్లెల్లో ఇంటర్నెట్ అరుదు. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చౌకయ్యే వరకు ఊళ్లో తీసిన వీడియోను ఊరివారే చూడగలిగే స్థితి లేదు. అయినా ఆ బృందం విడవకుండా పండుగలు, పెళ్లిళ్లు, వ్యవసాయ పనులు, ఇరుగుపొరుగు ముచ్చట్లు చిత్రీకరించింది. పొలం పనులు చేసుకునే గంగవ్వ అందులో నటించి, 2019లో ‘మల్లేశం’ చిత్రంలో కనిపించి, 2020లో బిగ్‌బాస్ నాలుగో సీజన్‌కు ఎంపికయ్యారు.

ఆ వీడియోల్లో కృత్రిమ భాష లేదు. కరీంనగర్ పల్లె మాట ఉన్నది ఉన్నట్టు వినిపిస్తుంది. ఖరీదైన హంగులూ లేవు. పేరు వచ్చేందుకు ఏళ్లు పట్టింది. రెండు వీడియోలు పెట్టి, వారం రోజుల్లో ఆర్డర్లు రాలేదని ఫోన్ పక్కన పడేసే వ్యాపారులు గమనించాల్సినది ఈ ఓపికనే.

ప్రచారం వేరు, వ్యాపారం వేరు అన్నదీ నిజమే. సిరిసిల్ల నేత కళాకారుడు వెల్ది హరిప్రసాద్ జీ-20 చిహ్నాన్ని మగ్గంపై నేసి పంపగా 2022 నవంబరు 27న ‘మన్ కీ బాత్’లో ప్రధాని ఆయనను ప్రస్తావించారు. దేశమంతా ఆ పేరు విన్నది. అలాంటి రోజున వేల మంది ఒక్కసారిగా వెతుకుతారు. వెతికినవారికి ఫోన్ నంబరు, వస్తువు చిత్రం, ధర, చేరే గడువు దొరికితేనే ఆ పేరు ఆర్డరుగా మారుతుంది. దొరకకపోతే రెండు రోజుల తర్వాత ఎవరూ గుర్తుంచుకోరు. ప్రచారం ఎప్పుడొస్తుందో చెప్పలేము కనుక దుకాణం ముందే సిద్ధంగా ఉండాలి.

ఫోనే దుకాణం

దుకాణం సిద్ధం చేయడానికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. సొంత వాట్సాప్‌కు వాడే నంబరు కాకుండా వేరే నంబరుతో దీన్ని తెరవడం మంచిది. బంధువుల శుభోదయ సందేశాల మధ్య ఆర్డరు కనిపించకుండా పోయిన అనుభవం చాలా మందికి కొత్త కాదు. ఇందులో క్యాటలాగ్ అనే సదుపాయం ఉంది. ప్రతి వస్తువుకు చిత్రం, కొలత, ధర రాసి ఉంచితే అడిగిన ప్రతివారికీ విడిగా ఫొటోలు పంపే పని తప్పుతుంది. దుకాణం వేళలు, చిరునామా, తాము లేనప్పుడు వెళ్లే జవాబు కూడా ముందే పొందుపరచవచ్చు.

గూగుల్ మ్యాప్స్‌లో దుకాణాన్ని నమోదు చేయడం మరో ఉచిత పని. బాసర సరస్వతి ఆలయానికి, కుంటాల జలపాతానికి వచ్చే యాత్రికులు దారి వెతికేది అందులోనే. నమోదు చేసిన తర్వాత ఆ దుకాణం తమదేనని నిర్ధారించే ప్రక్రియ పూర్తిచేయాలి. లేదంటే మరొకరు ఫోన్ నంబరు మార్చే ప్రమాదం ఉంది.

ఫొటో విషయంలో పట్నం స్టూడియో అక్కరలేదు. ఉదయం వేళ గడప దగ్గర పడే వెలుతురు, వెనుక ఒక తెల్లని గుడ్డ చాలు. చిత్రంలో బొమ్మ ఎంత పెద్దదో తెలియక మోసపోయామనుకునే కొనుగోలుదారులు ఎక్కువ. పక్కన ఒక అగ్గిపెట్టె ఉంచి తీస్తే ఆ తగాదా ఉండదు. ఫిలిగ్రీ వస్తువుకు మాత్రం నల్లని గుడ్డ నప్పుతుంది, తీగల అల్లిక స్పష్టంగా తెలుస్తుంది. చిత్రంలో పనిచేసే చేతులు కూడా కనిపిస్తే ఇంకా మేలు. వస్తువు ఒక్కటే ఉన్న ఫొటోను ఎవరైనా ఎత్తుకుపోయి తమదని పెట్టుకోవచ్చు. చేతులు, పనిముట్లు, సంఘం బోర్డు ఉన్న ఫొటోను అంత తేలికగా వాడుకోలేరు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో డబ్బు చెల్లించి ప్రకటన ఇచ్చేవారు ఎవరికి చూపాలో ముందు తేల్చుకోవాలి. ఏ ఊరివారికి, ఏ వయసువారికి అన్నది ఎంచుకునే వీలుంది. నిర్మల్ బొమ్మ ప్రకటనను నిర్మల్‌లోనే చూపితే లైకులు వస్తాయి కానీ కొనేవారు రారు. హైదరాబాద్, బెంగళూరు నగరాల్లో ఇల్లు కట్టుకున్నవారికి, పెళ్లి కానుకలు వెతికేవారికి చూపితే ప్రయోజనం. లైకుల లెక్క కన్నా ఎందరు ఫోన్ చేశారు, అందులో ఎందరు కొన్నారు అన్న లెక్క నోటు పుస్తకంలో రాసుకోవడం ముఖ్యం.

పెద్ద అంగళ్లలో కోతలు

అమెజాన్ 2016లో ‘కారీగర్’ పేరిట, ఫ్లిప్‌కార్ట్ 2019లో ‘సమర్థ్’ పేరిట చేతివృత్తులవారి కోసం ప్రత్యేక విభాగాలు తెరిచాయి. కేంద్ర జౌళి శాఖ 2023లో కమీషన్ లేకుండా అమ్ముకునేందుకు ‘ఇండియా హ్యాండ్‌మేడ్’ పోర్టల్ అందుబాటులోకి తెచ్చింది. దేశం నలుమూలల కొనుగోలుదారులు దొరకడం ఈ అంగళ్ల బలం. అయితే ప్రైవేటు అంగళ్లలో చేతికి వచ్చే సొమ్ము ధర పట్టీలో కనిపించే సొమ్ము కాదు.

ఉదాహరణకు 600 రూపాయల బొమ్మపై కమీషన్, ఇతర రుసుములు, రవాణా కలిపి 150 పోయాయనుకుందాం. చేతికి 450 వస్తుంది. కర్ర, రంగులు, అట్టపెట్టె ఖర్చు 200 తీసేస్తే కూలి కింద మిగిలేది 250. పది బొమ్మలు అమ్మితే 2500. ఆ పదిలో ఒకటి దారిలో విరిగి వెనక్కి వస్తే రావాల్సిన 450 పోగా, తిరుగు రవాణాకు మరో 100 కట్టాల్సి వస్తే మిగిలేది 1950. అంటే ఒక్కో బొమ్మకు 195. విరిగిన ఒక్క జింక మిగతా తొమ్మిదింటి కూలిని కూడా తిన్నదన్నమాట. అందుకే ఆన్‌లైన్ అమ్మకంలో పెట్టె కట్టడం కూడా బొమ్మ చెక్కడమంత పని. కొమ్ములు, చెవులు, తోకల చుట్టూ మెత్తని కాగితం చుట్టి, పెట్టెలో మరో పెట్టె పెట్టి, మధ్య ఖాళీ నింపాలి. మనిషి ఎత్తు నుంచి ఒకసారి కింద పడేసి చూస్తే చాలు, పార్శిల్ సంగతి తెలిసిపోతుంది. వెండి గాలికి నల్లబడుతుంది కనుక ఫిలిగ్రీ వస్తువును గాలి చొరని సంచిలో పంపాలి.

పన్ను నిబంధనలూ తెలిసి ఉండాలి. సరుకుల అమ్మకంపై జీఎస్టీ నమోదుకు చాలా రాష్ట్రాల్లో పరిమితి 40 లక్షలు కాగా తెలంగాణలో 20 లక్షల రూపాయలే. ఒకప్పుడు ఆన్‌లైన్ అంగడి ద్వారా అమ్మేవారందరికీ టర్నోవరుతో నిమిత్తం లేకుండా నమోదు తప్పనిసరి. 2023 అక్టోబరు 1 నుంచి పరిమితి లోపు ఉన్నవారు పాన్ ఆధారంగా ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని సొంత రాష్ట్రంలో అమ్ముకునే సడలింపు వచ్చింది. ఆన్‌లైన్ అంగడి ద్వారా ఇతర రాష్ట్రాలకు అమ్మాలంటే మాత్రం నమోదు ఉండాల్సిందే. నోటిఫై చేసిన హస్తకళా వస్తువులను అంగడితో సంబంధం లేకుండా నేరుగా పక్క రాష్ట్రానికి అమ్మే చిన్న కళాకారుడికి నమోదు నుంచి మినహాయింపు ఉన్నా, పాన్ ఉండాలి, విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు తీయాలి. చిన్న పార్శిల్‌కు ఇంత కాగితం పని ఏమిటన్నది న్యాయమైన ప్రశ్నే. ప్రతి కళాకారుడూ విడిగా తిప్పలు పడేకన్నా సంఘం తరఫున ఒకే నమోదు, ఒకే ఖాతా నడపడం ఈ చిక్కుకు ఉన్నంతలో మంచి మార్గం.

బొమ్మకు ప్రత్యేక మినహాయింపు

బొమ్మల విషయంలో మరో సంగతి ఉంది. 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అయింది. ఆ ఉత్తర్వు ప్లాస్టిక్ కర్మాగారానికీ పొనికి కర్ర చెక్కే ఇంటికీ ఒకేలా వర్తిస్తే నిర్మల్ పని మూతపడేదే. 2020 డిసెంబరులో సవరణ వచ్చింది. హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువుల హక్కుదారులు, అధీకృత వినియోగదారులు చేసి అమ్మే వాటికి ఆ నిబంధన నుంచి మినహాయింపు లభించింది. ఆన్‌లైన్ అంగడి ధ్రువపత్రం అడిగినప్పుడు చూపాల్సింది ఈ నమోదు కాగితమే. గుర్తింపు కార్డు బీరువాలో ఉండి, దాని సంగతి తెలియక ఖాతా తెరవకుండా వెనుదిరగడం నష్టం.

భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చి 2003 సెప్టెంబరు 15 నుంచి అమల్లో ఉంది. గుర్తింపు సంఘం పేరిట నమోదైనా, ఆ ప్రాంతంలో ఆ వస్తువు చేసే ప్రతి కళాకారుడూ అధీకృత వినియోగదారుడిగా విడిగా నమోదు కావచ్చు. చెన్నైలోని రిజిస్ట్రీకి దరఖాస్తు చేయాలి. ఒకప్పుడు 500 రూపాయలున్న రుసుమును 2020లో 10 రూపాయలకు తగ్గించారు. ఉషేగాం, కేస్లాగూడ వంటి గూడేల్లో మైనం అచ్చుతో లోహపు బొమ్మలు పోసే ఓజ కళాకారులకు ఇది మరింత అవసరం. సిగ్నల్ అందని చోట ఉన్నవారి పేరుతో మరెవరో వ్యాపారం చేసే అవకాశం ఎక్కువ కదా.

తప్పుడు గుర్తింపుతో సరుకు అమ్మడం నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా చట్టంలో ఉన్నాయి. కోర్టు వరకు వెళ్లే స్తోమత లేనివారికీ ఒక మార్గం ఉంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి ఆన్‌లైన్ అంగడీ ఫిర్యాదుల అధికారి వివరాలు ప్రకటించాలి. వినియోగదారుడి ఫిర్యాదు అందినట్టు ఆ అధికారి 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. నకిలీ బొమ్మ కొని మోసపోయిన వ్యక్తి ఫిర్యాదు చేసినా అది కళాకారుడికి మేలే.

పిన్ అడిగితే మోసమే

పెద్ద ఆర్డరు ఇస్తామంటూ సైనికాధికారి పేరు చెప్పి, డబ్బు పంపేందుకు క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమనే మోసం చిరు వ్యాపారులకు పరిచితమే. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ నొక్కే అవసరం ఎప్పుడూ ఉండదు. నొక్కితే డబ్బు పోయేదే తప్ప వచ్చేది కాదు. చెల్లింపు అయినట్టు పంపే స్క్రీన్‌షాట్‌ను నమ్మకుండా ఖాతాలో జమ చూసుకున్నాకే పార్శిల్ పంపాలి. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. తొలి గంటల్లో సమాచారం అందితే సొమ్మును మధ్యలోనే నిలిపివేసే అవకాశం ఉంటుంది.

మరోవైపు డిజిటల్ చెల్లింపులు తీసుకునే చేతివృత్తులవారికి 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలో లావాదేవీకి రూపాయి చొప్పున, నెలకు వంద లావాదేవీల వరకు ప్రోత్సాహకం ఉంది. అది నామమాత్రమే. 5 శాతం వడ్డీకి తొలి విడత లక్ష, మలి విడత 2 లక్షల రూపాయల రుణం, పనిముట్లకు 15 వేల రూపాయల సాయం అంతకన్నా ఉపయోగం. పథకం వర్తించే 18 వృత్తుల్లో బొమ్మల తయారీ, స్వర్ణకార వృత్తి రెండూ ఉన్నాయి.

ఫోన్ మోగితే కర్ర ఉండాలి

ఆర్డర్లు పెరిగితే అసలు చిక్కు మరోచోట ఎదురవుతుంది. పొనికి కర్ర అడవిలో తగ్గిపోయింది. ఒకప్పుడు దగ్గరలో దొరికిన చెట్టు కోసం ఇప్పుడు దూరం వెళ్లాలి, అటవీ శాఖ అనుమతి కావాలి. నాటిన మొక్క కోతకు రావడానికి ఏళ్లు పడుతుంది. చేతులూ తక్కువే. ఫిలిగ్రీలోనూ, బొమ్మల్లోనూ కొత్త తరం వేరే ఉద్యోగాల వైపు చూస్తోంది. ఇలాంటి స్థితిలో వారంలో 200 బొమ్మలు పంపుతామని ఒప్పుకుని, గడువు దాటాక ఖాతాకు వచ్చే తక్కువ రేటింగుతో వెనుకబడేకన్నా, నెలకు చేయగలిగిన సంఖ్యను పేజీలో ముందే ప్రకటించి, సగం సొమ్ము అడ్వాన్సుగా తీసుకుని, వరుస ప్రకారం చేసి ఇవ్వడం మేలు. చేతి పని అని తెలిసి కొనేవారు నెల రోజులు ఆగుతారు. వారికి వారానికోసారి తమ బొమ్మ ఎంతవరకు వచ్చిందో ఒక ఫొటో పంపితే చాలు.